శారదమ్మ చేతి ముద్ద

శారదమ్మది పెట్టే చెయ్యి అని పేరు రావడానికి సగం జీవితం పట్టింది. పోవడానికి ఒక్క పూట చాలింది. ఆ పేరు పోగొట్టింది కూడా మనిషి కాదు, కాకి.

చిలకలగూడలో వాళ్లు అద్దెకున్న ఇల్లు స్టేషన్‌కు నడిచిపోయేంత దూరం. జనగామ నుంచో ఆలేరు నుంచో రైలు దిగిన చుట్టం ఎవరైనా సరే, ఆస్పత్రి పని మీద వచ్చినా, కోర్టు పని మీద వచ్చినా, ఊరికే పట్నం చూసిపోదామని వచ్చినా, ముందు ఆ ఇంటి గడప తొక్కాల్సిందే. కాళ్లు కడుక్కుని, కడుపునిండా తిని, ఆ తర్వాతే తన దారి తాను చూసుకునేవాడు. భర్త రాములు కంటోన్మెంటు వైపు ఒక దుకాణంలో యూనిఫాంలు కుట్టే దర్జీ. పెద్ద సంపాదనేమీ కాదు, అయినా ఆ ఇంట్లో పొయ్యి మీద గిన్నె దిగిన పూట లేదు. శారదమ్మ "తిన్నవా?" అని అడిగేది తప్ప "ఎందుకొచ్చినవ్?" అని ఎన్నడూ అడగలేదు. రెండోసారి వడ్డించేటప్పుడు ఎవరైనా వద్దని చేతులు అడ్డం పెడితే ఆ చేతుల మీదనే అన్నం వేసేది. అది ఆమె పద్ధతి. తిన్నవాళ్లు మెచ్చుకున్నారు, తేన్చారు, పోయారు. తర్వాత వాళ్లలో సగం మంది తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు. అది వాళ్ల పద్ధతి.

రాములుకు మొదట షుగర్ వచ్చింది. దాని వెనకే కిడ్నీలు చెడడం మొదలైంది. డాక్టరు గీత గీసినట్టు చెప్పాడు. ఉప్పు లేదు, పచ్చడి లేదు, మాంసం లేదు, అన్నం ఇంత, నీళ్లు ఇన్ని. చెప్పి ఇంకో రోగిని లోపలికి పిలిచాడు. ఆ గీత దగ్గర రోజూ కాపలా కాయాల్సింది మాత్రం శారదమ్మ. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ లేదనని మనిషి, కట్టుకున్నవాడికి పూట పూటకూ లేదనాల్సి వచ్చింది.

రాములు తిండిపోతు కాదు గాని తిండి రుచి ఎరిగినవాడు. ఉప్పు లేని పప్పు చూసి ముఖం తిప్పుకునేవాడు. ఆదివారం పక్కింట్లో మటన్ ఉడుకుతుంటే మంచం మీద లేచి కూర్చునేవాడు. బతిమాలేవాడు, తిట్టేవాడు, చివరికి ఏడ్చేవాడు.

"ఒక్క బొక్క ఇయ్యవే. చీకి పడేస్త, మింగనే మింగ" అనేవాడు.

"డాక్టర్ వద్దన్నడు గదా" అనేది ఆమె.

"నువ్వు నా పెండ్లానివా, డాక్టర్‌వా?"

ఆమె పచ్చడి జాడీని బియ్యం డబ్బాలో దాచిపెట్టి, వంటింట్లో నిలబడి తాను కూడా ఆ చప్పిడి అన్నమే తినేది. ఆ సంగతి రాములుకు తెలియదు, ఇంకెవరికీ తెలియదు. డాక్టరు రెండేళ్లు బతికితే గొప్ప అన్నాడు. రాములు ఏడేళ్లు బతికాడు. ఆ మిగతా ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని చుట్టాల్లో ఒక్కరూ అడగలేదు.

చివరి వారం అతను అడిగింది ఒక్కటే. తలకాయ కూర, జొన్నరొట్టె. "జెర తగ్గనియ్యి, చేసి పెడ్త" అంది శారదమ్మ. రాములు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తగ్గలేదు.

మూడో రోజు శ్మశానంలో పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా చూడాలి. ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే అతని కోరిక ఏదో మిగిలిపోయినట్టు. వండటానికి చుట్టాలు ఉన్నా శారదమ్మ తానే చేస్తానని పట్టుబట్టింది. తలకాయ కూర వండింది, రొట్టెలు కొట్టింది, దాచిన పచ్చడి బయటికి తీసి విస్తరి అంచున వేసింది. కాకులు వచ్చాయి. ప్రహరీ మీద వరసగా కూర్చుని కిందికి చూశాయి. ఒక్కటీ దిగలేదు. కొడుకు హరికిషన్ దండం పెట్టాడు. పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చి, "నీ పెండ్లాన్ని మంచిగ అర్సుకుంటం, ముట్టు రాములూ" అని మాట ఇచ్చాడు. ఎండ నెత్తికెక్కింది. విస్తరి మీద ఈగలు వాలాయి. అప్పుడు రాములు చెల్లెలు జగదాంబ, అందరికీ వినబడేట్టు ఒక మాట అంది.

"బతికున్నప్పుడు పెట్టలే. ఇప్పుడు పెడ్తే ముడ్తడా మా అన్న?"

సీతాఫల్‌మండి జగదాంబ నోట్లోంచి వచ్చిన మాట రైలెక్కి ఆలేరు దాకా పోయింది. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, బతికుండగా సణుగుడు మనిషని అందరూ విసుక్కున్న రాములు ఒక్కసారిగా ఆకలితో పోయిన అమాయకుడయ్యాడు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తిననివ్వదు అని ఒకరు. ఊరందరికీ పెట్టింది, మొగుడి కడుపు మాడ్చింది అని ఇంకొకరు. అన్నవాళ్లలో ఆమె చేతి అన్నం తిననివాళ్లు లేరు. ఆమె దగ్గర ఉన్నది డాక్టరు మాట, వాళ్ల దగ్గర ఉన్నది కాకి సాక్ష్యం. ఏది గెలుస్తుందో అడగక్కర్లేదు. అన్నిటికంటే ఘోరమేమిటంటే, ఆమె కూడా లోలోపల కాకినే నమ్మింది. ఆయన తన మీద కోపంతోనే పోయాడు, తన చేతి ముద్ద ఇక ముట్టడు. ఈ ఒక్క మాట ఆమెను రాత్రీ పగలూ తిన్నది.

చిలకలగూడ ఇల్లు ఖాళీ చేయించి హరికిషన్ తల్లిని అల్వాల్‌లోని తన ఫ్లాటుకు తీసుకొచ్చాడు. అతను ఒక కొరియర్ కంపెనీలో సూపర్‌వైజరు. కోడలు రజిత కంటి ఆస్పత్రిలో బిల్లింగు కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఇద్దరూ మంచివాళ్లే, కాకపోతే పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తారు. శారదమ్మకు తాను తినేముందు మొదటి ముద్ద తీసి గోడ మీద పెట్టే అలవాటుంది. చిలకలగూడలో గోడ ఉంది, దాని మీదికి వచ్చే కాకులున్నాయి. ఇక్కడ నాలుగో అంతస్తు బాల్కనీకి పావురాలు రాకుండా పైనుంచి కిందిదాకా వల కట్టించారు. గాలి తప్ప ఇంకేదీ లోపలికి రాదు. ఒకసారి టెర్రస్ మీదికెక్కి ముద్ద పెట్టి వచ్చింది. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు వాచ్‌మన్‌తో చెప్పి పంపారు, మెతుకులకు పావురాలు మూగి పైనంతా మురికి చేస్తున్నాయని. అప్పటి నుంచి మొదటి ముద్ద పళ్లెం అంచున పెట్టుకుని, తినడం అయ్యాక దాన్ని ఏం చేయాలో తెలియక, అదీ తనే తినేది. పూట పూటకూ పిట్ట ముట్టని ముద్ద మింగడం ఎంత కష్టమో తిన్నవాళ్లకు తెలుస్తుంది.

అట్లాంటి రోజుల్లో రజిత ఒక చిన్న గాజు తొట్టిలో చేపను పట్టుకొచ్చింది. ఆస్పత్రిలో ఆమెతో పాటు పనిచేసే మేబెల్‌కు విజయవాడ బ్రాంచికి బదిలీ అయింది. రైల్లో తీసుకుపోవడం కుదరక చేపను రజితకు ఇచ్చేసింది. నీలం ఒళ్లు, ఒంటికంటే పెద్ద ఎర్ర తోక. ఫైటర్ చేప అంటారు. ఇంకో మగచేపను పక్కన వదిలితే రెండిట్లో ఒకటి చస్తుందట, అందుకని ఒంటరిగానే ఉంచాలి. మేబెల్ దానికి ప్రిన్స్ అని పేరు పెట్టుకుంది. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, స్పీకర్‌లో అందరికీ వినబడేట్టు చెప్పింది.

"పొద్దున రెండు గింజలు, సాయంత్రం రెండు. అంతే రజితా. దాని పొట్ట దాని కన్నంత ఉంటది, అంతకు మించి పట్టదు. ఆదివారం ఏం వద్దు, పొట్ట ఖాళీగ ఉంచాలె. మనం దగ్గరికి పోతే చాలు, ఆకలి ఆకలి అన్నట్టు ఊగుతది. నమ్మకు. వట్టి నాటకం."

"లంఖణం పరమౌషధం" అని హరికిషన్ నవ్వాడు.

శారదమ్మ నవ్వలేదు. డబ్బా మూత తీసి గింజలు చూసింది. ఆవగింజల కంటే చిన్నవి. పూటకు రెండు, ఆదివారం అవీ లేవు. అన్నం ఇంత, నీళ్లు ఇన్ని. అడిగితే నమ్మొద్దు, నాటకం. ఈ మాటలు ఆమెకు కొత్త కాదు. ఏడేళ్లు తన నోటితో తానే అన్న మాటలు. డబ్బా మూత పెట్టేసింది.

"పాపం గదనే రజితా, గింతేనా?" అంది.

"గింతే అత్తమ్మా. దాని కడుపే గింత."

ఇద్దరూ పనికి పోయాక ఇంట్లో మిగిలేది ఆమె, చేప. ఆమె వంటింట్లోంచి హాల్లోకి వస్తే చాలు, అది గాజు దగ్గరికొచ్చి ఒళ్లంతా ఊపేది. ఆమె ఎటు నడిస్తే అటు వచ్చేది. నోరు తెరిచేది, మూసేది. టీవీ పెట్టి కూర్చున్నా ఆ నోరు కనిపించేది. ఒక మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని సోఫాలో కూర్చుని, మొదటి ముద్ద అంచున పెట్టుకుంది. చేప చూస్తోంది. శారదమ్మ లేచి, ముద్దలోంచి ఒక మెతుకు తీసి, గోటితో చిదిమి, నీళ్లలో వేసింది.

ప్రిన్స్ పైకి లేచి లటుక్కున అందుకుంది. ఉమ్మింది. మళ్లీ అందుకుని మింగింది.

ముట్టింది.

శారదమ్మ పళ్లెం తీసుకుని మళ్లీ సోఫాలో కూర్చుంది. ఆ పూట పళ్లెంలో ఉన్నదంతా తిన్నది, గిన్నెలోంచి ఇంకొంత వేసుకుని తిన్నది. భర్త పోయాక ఆమె ఆకలేసి తినడం అదే మొదటిసారి. చేపకూ కాకికీ తేడా తెలియని మొద్దు కాదామె. కాని పిట్టంటే నల్లగానే ఉండాలని ఎవరు చెప్పారు? వల దాటి రాలేనివాడు నీళ్లలో వచ్చాడేమో. మనసుకు కావలసింది దొరికినప్పుడు మనిషి ఎక్కువ ప్రశ్నలు వేయడు. శారదమ్మా వేయలేదు.

అప్పటి నుంచి ప్రతి పూటా మొదటి ముద్దలోంచి చేపకు వాటా. మెతుకు ఒక్కోసారి ఉమ్మేస్తోందని, డబ్బాలోంచి చిటికెడు గింజలు కూడా వేసేది. తింటే సంతోషపడి ఇంకో చిటికెడు. పాత చెయ్యి కదా, రెండోసారి వడ్డించకుండా ఉండలేదు. పొద్దున రజిత రెండు గింజలు లెక్కగా వేసిపోయేది, సాయంత్రం వచ్చి మళ్లీ రెండు వేసేది. మధ్యలో జరిగేది శారదమ్మకూ ప్రిన్స్‌కూ తెలుసు. ఆమె ముఖం తేటబడింది. "అత్తమ్మా, జెర ఒళ్లు చేసిన్రు" అని రజిత మెచ్చుకుంది కూడా.

ఆదివారం ఆ ఇంట్లో మటన్. ఇల్లంతా మసాలా వాసన గుప్పుమంటుంది. మేబెల్ లెక్క ప్రకారం చేపకు మాత్రం ఆ రోజే ఉపవాసం. మంచం మీద లేచి కూర్చునే రాములు కళ్ల ముందు కదిలేవాడు, శారదమ్మ ముక్కలను పళ్లెం అంచుకు జరిపేసేది. ఒక ఆదివారం కొడుకును పిలిచింది.

"ఈసారి తలకాయ తేరా" అంది.

"ఇన్నొద్దులకు నోరు తెరిచి అడిగినవే అమ్మా" అని హరికిషన్ సంబరంగా పోయి తెచ్చాడు. ఆమె వండింది, జొన్నరొట్టెలు చేసింది. కొడుకూ కోడలూ తిని, గదిలో ఫ్యాన్ కింద నడుం వాల్చారు. శారదమ్మ ఒక మెత్తటి పీచు ముక్క తీసి, నల్లా కింద ఉప్పూ కారం పోయేదాకా కడిగి, తొట్టి దగ్గరికి పోయింది.

"తిను" అంది మెల్లగా. "ఇగ ఎవ్వరు వద్దనరు."

అది మెతుకును ఉమ్మినట్టు దీన్ని ఉమ్మలేదు. గబగబా మింగి ఇంకా కావాలని గాజుకు ముఖం ఆనించింది. ఆమె ఇంకో పీచు వేసింది, ఇంకోటి వేసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడాదిగా గుండెల మీద కూర్చున్నది లేచి పోయినట్టయింది. ఆయన కోపం పోయింది, తన చేతిది తిన్నాడు. ఆమె జీవితంలో ఆ ఏడాది మొత్తానికి మంచి రోజు అదొక్కటే.

కొద్ది రోజులకు రజిత తొట్టి ముందు వంగి చూస్తూ, "నీళ్లు ఊకె మబ్బుగైతున్నయేందీ?" అంది. మొగుడి మీద అనుమానపడింది. "నువ్వు గిట్ల ఎక్కువ ఏస్తున్నవా?" అంటే, "నాకేం పనిలేదా?" అన్నాడు హరికిషన్. శారదమ్మ పక్కనే కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. ఆ తర్వాత ప్రిన్స్ పైకి రావడం తగ్గించింది. పొట్ట ఉబ్బింది. పొలుసులు ఒంటి నుంచి లేచి నిలబడ్డాయి. ఒక పక్కకు ఒరిగి, అడుగున పడి ఉండేది. రజిత వీడియో కాల్‌లో మేబెల్‌కు చూపించింది.

"ఎంత పెడ్తున్నరు?" అని అడిగింది మేబెల్.

"నువ్వు చెప్పినట్టే. పూటకు రెండు."

"రెండు గింజల పొట్ట కాదది రజితా. ఇంట్ల ఎవరో పెడ్తున్నరు. ఇప్పటికి ఏం వెయ్యకు, నీళ్లు మార్చి చూడు. లేస్తదని మాత్రం నాకు అనిపిస్తలేదు."

రజిత నీళ్లు మార్చింది, గింజల డబ్బా తీసి అల్మారాలో పెట్టింది. మర్నాడు ఇద్దరూ పనికి పోయారు. శారదమ్మ తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. చావొచ్చిన జీవాన్ని మళ్లీ ఖాళీ కడుపుతో పంపాలా? ఆ పాపం ఒకసారి చేసింది చాలదా? పొద్దుటి అన్నంలోంచి మెతుకు తీసింది, చిదిమింది, సరిగ్గా దాని ముఖం ముందర వదిలింది.

ప్రిన్స్ ముట్టలేదు. మెతుకు దాని నోటి పక్కనుంచే జారి అడుగుకు పోయింది. అది కొంచెం కదిలి, ఆ మెతుకుకు దూరంగా జరిగింది. శారదమ్మ ఇంకోటి వదిలింది. అదీ ముట్టలేదు. సాయంత్రం రజిత తాళం తీసుకుని లోపలికి వచ్చేసరికి చేప నీళ్ల మీద వెల్లకిలా తేలుతోంది, అడుగున మెతుకులు కనిపిస్తున్నాయి.

"నేనే పెట్టిన" అంది శారదమ్మ, ఎవరూ అడగకముందే. "రోజు పెట్టిన. కూర సుత పెట్టిన."

అప్పుడే వచ్చిన హరికిషన్ బ్యాగు దించుతూ నవ్వాడు. "నాయినకేమో పెట్టకపోతివి, చేపకేమో ఎక్కువ పెడ్తివి. నీ కొలత ఎన్నడు కుదరలే అమ్మా" అన్నాడు.

దుర్మార్గుడు కాడతను. అలిసి వచ్చాడు, ఇంట్లో ముఖాలు వేలాడుతున్నాయి, తేలిక చేద్దామనుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు వేసేవాడికి తాను వేశానని తెలియకపోతే పోటు తగ్గుతుందా? శారదమ్మ కొడుకు ముఖం చూసి, వీడూ కాకినే నమ్మాడు అనుకుంది. తొమ్మిది నెలలు మోసినవాడు, ఏడేళ్లు వస్తూ పోతూ అన్నీ చూసినవాడు.

"ఏం మాటలవి?" అని రజిత మొగుడిని కసిరి, అత్త పక్కన వచ్చి కూర్చుంది. ఆమె గొంతులో కోపం లేదు. ఓదార్చడానికే చెప్పింది. "మీకు తెల్వక పెట్టిన్రు, పోనియ్యిన్రి. దానికి కడుపు నిండిన సంగతి తెల్వది అత్తమ్మా. ఎవరు పెట్టినా తింటది, ఏం పెట్టినా తింటది. వద్దనుడు దానికి రాదు. మనమే చాలనాలె."

ఎవరు పెట్టినా తింటుంది. ఆ మాట శారదమ్మ లోపల ఎక్కడో తగిలి అక్కడే ఉండిపోయింది. అంటే ఆయన రాలేదు. తన ముద్ద ముట్టింది ఆయన కాదు, చాలనడం తెలియని ఒక జీవం. మిద్దె మీద పావురాలు తిన్నట్టు తిన్నది, చచ్చింది. కింద కాంపౌండ్‌లో కరివేపాకు చెట్టు మొదట్లో రజిత గుంట తీస్తుంటే ఆమె పక్కన నిలబడి చూసింది. ఏడుపు రాలేదు. దానికి బదులు కోపం వచ్చింది, ఏడాదిలో మొదటిసారి.

మనమే చాలనాలె. మరి ఏడేళ్లు చాలు చాలని అన్నది ఎవరు? తిట్లు తిని, శాపాలు తిని, చప్పిడి అన్నం తిని, ఒక మనిషిని పూటకింత చొప్పున బతికించుకొచ్చింది ఎవరు? తాను చేసింది సరైన పనే. ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక మూగజీవాన్ని తన చేత్తో చంపుకోవలసి వచ్చింది. తెలిసి మాత్రం ఏం లాభం? ఆలేరు పోయి ఇంటింటికీ తిరిగి చెప్పుకుంటుందా, చేప చచ్చింది కాబట్టి నేను మంచిదాన్నని?

రాములు ఏడాది మాసికం దగ్గర పడింది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో షామియానా వేయించి చుట్టాలందరినీ పిలిచారు. ముందురోజు శారదమ్మ పోలెలకు, అదే బొబ్బట్లకు, శనగపప్పు పూర్ణం రుబ్బుతుండగా జగదాంబ కూతురు కల్పలత ఫోన్ చేసింది. రజిత స్పీకర్ ఆన్ చేసి అత్త ముందు పెట్టింది.

"అత్తమ్మా, అమ్మకు షుగర్ మస్తు పెరిగింది. కాలి వేలికి పుండయింది, మాన్తలేదు. డాక్టర్ తీపి ముట్టొద్దన్నడు. అమ్మకు నోరాగదు, నీకెరికే గదా. రేపు పోలెలు గిట్ల అడిగితే పెట్టకు. నాకు డ్యూటీ ఉంది, వస్తలేను. నీ మీదనే ఇడుస్తున్న."

"మంచిది బిడ్డా" అంది శారదమ్మ.

మర్నాడు అయ్యగారి మంత్రాలు అయ్యాక పిట్టకు పెట్టడానికి హరికిషన్ విస్తరి పట్టుకుని టెర్రస్ మీదికి పోయాడు. అసోసియేషన్ వాళ్లు ఆ ఒక్క పూటకు ఒప్పుకున్నారు. వెళ్లినవాడు వెళ్లినట్టే లిఫ్టు దిగి వచ్చాడు.

"ముట్టింది" అన్నాడు.

"చూసినవా?" అని అడిగింది శారదమ్మ.

"ఆ, ముట్టింది తియ్యి అమ్మా. అందరు ఆకలి మీదున్నరు" అన్నాడు, తల్లి ముఖం చూడకుండా. అతను నిలబడి కూడా చూడలేదని ఆమెకు అర్థమైంది. ఏడాది పాటు తాను మోసిన నింద ఒక చిన్న అబద్ధంతో దిగిపోయే సరుకన్నమాట. ఆ అబద్ధమేదో ఆ రోజు శ్మశానంలో ఎవరో ఒకరు ఆడి ఉంటే సరిపోయేది. ఎవరికీ తోచలేదు, ఎవరికీ అంత ఆకలిగా లేదు.

షామియానా కింద మాత్రం ఆ మాట పంక్తి అంతా పాకింది. పిట్ట ముట్టిందట, ముట్టిందట అనుకున్నారు. మొదటి వరసలో కూర్చున్న జగదాంబ కళ్లు తుడుచుకుంది. ఆమె కాలి వేలికి కట్టు ఉంది, చెప్పు ఒక పక్కకు తీసి పెట్టుకుంది. రజిత అన్నం వడ్డిస్తోంది. శారదమ్మ పోలెల గిన్నె పట్టుకుని వరసగా వస్తూ జగదాంబ దగ్గరికి రాగానే ఆమెను దాటి పోబోయింది.

"వదినె, నాకెయ్యలే" అంది జగదాంబ.

శారదమ్మ ఆగింది. చాలు అనే మాట నాలుక చివరనే ఉంది. ఏడేళ్లు రోజూ అన్న మాట, కష్టమేమీ కాదు.

జగదాంబ తలెత్తి నవ్వింది. "ఏందీ, మా అన్న ఇంట్ల నాకు సుత కొలతనేనా?"

అటూ ఇటూ కూర్చున్నవాళ్లు నవ్వారు. నవ్వి, శారదమ్మ ఏమంటుందోనని చూశారు. వాళ్లందరి ముఖాలూ ఆమెకు తెలుసు. స్టేషన్ నుంచి నడిచొచ్చి తన ఇంట్లో కాళ్లు కడుక్కున్నవాళ్లు. ఇప్పుడు వద్దంటే సాయంత్రం రైలుకే ఆ మాట ఆలేరు చేరుతుందని కూడా తెలుసు.

ఒక పోలె తీసి విస్తరిలో వేసింది. దాని మీద నెయ్యి పోసింది. జగదాంబ చెయ్యి అడ్డం పెట్టలేదు. శారదమ్మ అడగకుండానే రెండోది వేసింది, నెయ్యి పోసింది. మూడోది వేసింది. జగదాంబ నోటినిండా పెట్టుకుని, నములుతూనే, ఆ రోజు శ్మశానంలో మాట్లాడినంత గట్టిగా మాట్లాడింది.

"పెట్టే చెయ్యంటే మా వదినెదే. మా అన్న తృప్తిగ పోయిండు ఇగ. ఆ పొద్దు బాధల ఏదో నోరుజారిన వదినె, మనసుల పెట్టుకోకు."

పంక్తిలో తలలు ఊగాయి. నిజమేనన్నారు, దేవత అన్నారు. ఈ మాట కోసమే శారదమ్మ ఏడాది పాటు ఎదురుచూసింది. వచ్చింది. వస్తే ఏమేమో అవుతుందనుకుంది గాని ఏమీ కాలేదు. ఉప్పు లేని అన్నం నోట్లో పెట్టుకున్నట్టు ఉంది, అంతే. ఆమె గిన్నెతో గుడ్డ అడ్డం కట్టిన వంటల చోటికి వచ్చింది. వెనకే రజిత అన్నం గంప పట్టుకుని గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, కల్పలత వదిన నిన్న గంతగనం చెప్పింది గదా. మరిచిపోయిన్రా?"

"మరిచిపోలే" అంది శారదమ్మ.

బయట జగదాంబ ఇంకొకటి కావాలని పిలుస్తోంది. శారదమ్మ గిన్నెలో మరో రెండు పోలెలు పెట్టుకుని వెళ్లింది.